హీటర్‌ని కాదు, నీళ్లని చూడండి: పూల్ హీటర్‌లో ఫ్లో సరిచేసుకుని పరీక్షించుకునే పద్ధతి

డిసెంబర్ వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. నెల్లూరులో చలేంటని నవ్వకండి. వాయుగుండాలు అయిపోయి ఉత్తరపు గాలి తిరిగాక, తెల్లవారుజామున ఆరింటికి ఈత నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్ని అడగండి, చెబుతారు. పూల్ నీళ్లు 24 డిగ్రీలకు పడిపోతే, మోకాళ్ల నొప్పులకని నీళ్లలో వ్యాయామం చేసే పెద్దవాళ్లు గట్టు మీదే కూర్చుండిపోతారు. ఫోన్ చేసేవాళ్లందరిదీ ఒకటే మాట: "అన్నా, హీటర్ ఆడతా ఉంది, నీళ్లు మాత్రం యెచ్చగా రావడంలా."

వెళ్లి చూస్తే ఎక్కువసార్లు హీటర్‌కి ఏ రోగమూ ఉండదు. లోపలికి వెళ్లే నీళ్లలోనే తేడా ఉంటుంది. పంపు తక్కువ తోలుతుంటుంది, లేదంటే ఎవరో వాల్వు తిప్పి మర్చిపోయుంటారు. ఇంకొన్నిసార్లు ఆ తేడా కూడా ఉండదు, అన్నీ సరిగ్గానే ఉంటాయి. యజమాని గోడలోని రిటర్న్ దగ్గర, అంటే నీళ్లు తిరిగి పూల్‌లోకొచ్చే రంధ్రం దగ్గర చెయ్యి పెట్టి, బాత్‌రూమ్ గీజర్ నీళ్లలా కాలట్లేదని బాధపడుతుంటాడు. అందుకే పానా పట్టుకునే ముందు ఒక చిన్న లెక్క.

చేతికి వేడి ఎందుకు తెలియదు

వెయ్యి లీటర్ల నీళ్లను ఒక డిగ్రీ పెంచాలంటే 1.163 యూనిట్ల వేడి కావాలి. ఇది ఏ కంపెనీ మెషీన్‌కైనా ఒకటే. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 60,000 లీటర్లు ఉంటాయి. అంటే ఒక్క డిగ్రీకి దాదాపు 70 యూనిట్ల వేడి. మీ హీటర్ హీట్ పంపు రకం, అంటే గాలిలోని వేడిని లాగి నీళ్లకెక్కించేది, 17 కిలోవాట్ల వేడి ఇచ్చేదైతే, గాలికి పోయే వేడి లెక్కలో వేయకుండానే ఒక డిగ్రీకి నాలుగు గంటలకు పైగా పడుతుంది. సాయంత్రం ఆన్ చేసి రాత్రికి నాలుగు డిగ్రీలు పెరగాలంటే కుదరదు.

ఇప్పుడు అదే 17 కిలోవాట్లు గంటకు 6,000 లీటర్ల నీళ్లకు అందుతున్నాయనుకోండి. 17ని 1.163తో భాగించి, మళ్లీ 6తో భాగిస్తే 2.4 వస్తుంది. హీటర్‌లోకి 26 డిగ్రీలతో వెళ్లిన నీళ్లు 28.4తో బయటికొస్తాయి, అంతే. ఆ నీళ్లు మళ్లీ బైపాస్ నుంచి, అంటే హీటర్‌లోకి పోని పక్కదారి నుంచి వచ్చే మరో ఆరువేల లీటర్లతో కలిసి పూల్‌లోకి వెళ్తాయి కాబట్టి రిటర్న్ దగ్గర తేడా 1.2 డిగ్రీలే. అది మన చేతికి ఏం తెలుస్తుంది? థర్మామీటర్‌కే తెలియాలి.

దీని రెండో వైపు కూడా గుర్తుంచుకోండి. హీటర్ నుంచి వచ్చే నీళ్లు చేతికి బాగా వెచ్చగా తగులుతున్నాయంటే అది సంతోషపడే సంగతి కాదు. నీళ్లు తక్కువ వెళ్తున్నాయని అర్థం. హీట్ పంపులో అలా జరిగితే వేడిని మోసుకెళ్లే నీళ్లు లేక లోపల గ్యాస్ ప్రెజర్ పెరిగి, మెషీన్ హై ప్రెజర్ అని చూపించి ఆగిపోతుంది. అప్పుడు మెకానిక్ వచ్చి గ్యాస్ ఎక్కువైందని కొంచెం వదిలేస్తాడు. అసలు రోగం అలాగే ఉంటుంది, పైగా గ్యాస్ తక్కువవుతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

0.1 డిగ్రీ వరకు చూపించే డిజిటల్ థర్మామీటర్లు రెండు. వాటిని ముందు ఒకే బకెట్ నీళ్లలో ఐదు నిమిషాలు పెట్టి చూడండి. ఒకటి 26.3, రెండోది 26.7 చూపిస్తే ఆ 0.4 తేడా రాసుకోండి. మనం కొలవబోయేదే రెండు డిగ్రీల తేడా. అందులో అరడిగ్రీ తప్పు ఉంటే లెక్కంతా తప్పు. ఇంకా ఒక ప్రెజర్ గేజ్, గడియారం, పెయింట్ మార్కర్, మెషీన్‌తో వచ్చిన పుస్తకం. ఆ పుస్తకం చాలాచోట్ల దొరకదు. మెషీన్ పక్కనున్న ప్లేటు మీదైనా ఎంత ఫ్లో కావాలో రాసుంటుంది, ఫొటో తీసుకోండి. ఆ అంకె లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

పంపు గదిలో వరుస కూడా ఒకసారి చూసుకోండి. పూల్ నుంచి పంపు, పంపు నుంచి ఫిల్టర్, ఫిల్టర్ తర్వాత హీటర్, హీటర్ తర్వాతే క్లోరిన్ వేసే పరికరం, అక్కడి నుంచి పూల్‌కి. క్లోరినేటర్ హీటర్‌కి ముందు ఉంటే ఘాటైన క్లోరిన్ నీళ్లు హీటర్ లోపలి గొట్టాల్ని తినేస్తాయి. తర్వాత ఉన్నా, మధ్యలో ఎన్‌ఆర్‌వి (నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు) లేకపోతే పంపు ఆగినప్పుడు ఆ నీళ్లు వెనక్కి చేరతాయి. ఇది తప్పుగా ఉంటే ముందు దీన్ని మార్పించండి. ఫ్లో సంగతి తర్వాత.

హీటర్ ముట్టుకోకముందు

హీటర్ ఎంసీబీ దించేయండి. పంపు కూడా ఆపి, దాని ముందున్న బుట్ట తీసి కడగండి. మన దగ్గర అక్టోబర్, నవంబర్‌లలో పడే వానలకి ఆకులు, ఒండ్రు, నాచు అంతా అక్కడే చేరుతుంది. నీటి మట్టం స్కిమ్మర్ (పూల్ గోడలో పైనీళ్లను లాగే కిటికీ) నోటికి సగం దాకా ఉండాలి. అంతకన్నా తగ్గితే పంపు గాలి పీలుస్తుంది.

తర్వాత శాండ్ ఫిల్టర్‌కి బ్యాక్‌వాష్, అంటే నీళ్లను తిరగేసి పంపి ఇసుకలోని మురికి కడగడం. పంపు ఆపకుండా మల్టీపోర్ట్ వాల్వ్ (ఫిల్టర్‌లో నీళ్ల దారి మార్చే వాల్వు) హ్యాండిల్ తిప్పకండి, లోపలి గాస్కెట్ చిరిగిపోతుంది. బయటికొచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా బ్యాక్‌వాష్ చేసి, ఒక నిమిషం రిన్స్ పెట్టి, మళ్లీ ఫిల్టర్ మీదకు తెచ్చాక గేజ్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. మనవాళ్ల భాషలో ముప్పావు కేజీ (చదరపు సెంటీమీటరుకు) అనుకుందాం. అదే మీ ఫిల్టర్ శుభ్రంగా ఉన్నప్పటి ప్రెజర్. దానిమీద ఇంకో అరకేజీ పెరిగినప్పుడల్లా బ్యాక్‌వాష్ చేయాలి. మురికి ఫిల్టర్ ఉండగా హీటర్ ఫ్లో సెట్ చేస్తే, బ్యాక్‌వాష్ చేసిన మర్నాడే ఆ సెట్టింగు మారిపోతుంది. చేసిన పనంతా మళ్లీ చేయాలి.

ఫిల్టర్ నెత్తిమీదున్న చిన్న వాల్వు వదులు చేసి గాలి పోనివ్వండి. పంపు గాజు మూత కింద బుడగలు తిరుగుతూనే ఉంటే ఎక్కడో గాలి లాగుతోంది. మూత కింది ఓ-రింగ్‌ని ముందు అనుమానించండి. గాలి పట్టిన లైన్‌లో ఏ కొలతా నిలవదు.

ఉష్ణోగ్రత ఎక్కడ కొలవాలి

హీటర్ లోపలికెళ్లే పైపుకీ బయటికొచ్చే పైపుకీ చిన్న ట్యాప్‌లు ఉంటే పని సులువు. ట్యాప్ కాసేపు వదిలి, మగ్గు నిండి పొర్లుతుండగా థర్మామీటర్ ముంచి చూడండి. ట్యాప్‌లు లేకపోతే చాలా హీట్ పంపుల డిస్‌ప్లేలో లోపలికెళ్లే నీటి డిగ్రీలు, బయటికొచ్చే నీటి డిగ్రీలు చూసే మెనూ ఉంటుంది. దాన్ని వాడుకోండి. పైపు మీద టేపుతో థర్మామీటర్ కట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు. యూపీవీసీ పైపులోంచి వేడి బయటికి సరిగా రాదు, బయటి గాలి కలిసి తక్కువ చూపిస్తుంది. ఇనుప పైపయితే వేరే సంగతి.

టైము కూడా ముఖ్యం. ప్లేటు మీద రాసిన 17 కిలోవాట్లు అనేది దాదాపు 26, 27 డిగ్రీల గాలిలో తీసిన అంకె. గాలి చల్లబడితే హీట్ పంపు ఇచ్చే వేడి తగ్గుతుంది. తెల్లవారుజామున 20 డిగ్రీల గాలిలో పరీక్ష పెట్టి, తేడా తక్కువ వచ్చింది కాబట్టి ఫ్లో ఎక్కువ ఉందనుకుంటే పొరపాటు. మన జిల్లాలో జనవరిలో కూడా పదకొండు గంటలకల్లా గాలి ప్లేటు మీది అంకెకు దగ్గరగా వస్తుంది. పరీక్ష అప్పుడే పెట్టుకోండి.

బైపాస్ తిప్పడం

హీటర్ దగ్గర మూడు వాల్వులుంటాయి. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, ఆ రెండు లైన్ల మధ్య అడ్డంగా ఉన్నది బైపాస్. పంపు గంటకు 12,000 లీటర్లు తోలుతుంటే హీటర్‌కి 6,000 చాలు. మిగతాది బైపాస్‌లోంచి దాటిపోవాలి. ఎంత దాటాలో నిర్ణయించేది ఆ ఒక్క వాల్వే.

పంపు నడుస్తుండగా మూడు వాల్వులూ పూర్తిగా తెరవండి. హీటర్ ఆన్ చేయండి. కంప్రెసర్ వెంటనే లేవదు, సాధారణంగా మూడు నిమిషాలు ఆగి లేస్తుంది. ఈ దశలో నీళ్లు తేలిక దారి చూసుకుని ఎక్కువగా బైపాస్‌లోంచే పోతాయి. కొన్ని మెషీన్లు నీళ్లు లేవని ఎర్రర్ కూడా చూపిస్తాయి, కంగారుపడకండి.

ఇక బైపాస్‌ని పావువంతు మూయండి. లోపలికి, బయటికి వెళ్లే వాల్వుల్ని కదపకండి. వాటిని కూడా అటూఇటూ తిప్పితే ఏది ఏం చేసిందో ఎవరికీ అర్థం కాదు. పది నిమిషాలు ఆగండి. నిజంగా పది నిమిషాలు. నాకు ఈ పని నేర్పిన పెద్దాయన వాల్వు తిప్పి టీ కొట్టుకి వెళ్లేవాడు, తిరిగొచ్చాకే థర్మామీటర్ చూసేవాడు. సోమరితనం అనుకున్నాను. వేడి నిలకడ పడకముందు తీసిన అంకెలు మూడుసార్లు నన్ను మోసం చేశాక ఆ టీ ఎందుకో తెలిసింది.

ఇప్పుడు రెండు ఉష్ణోగ్రతలూ చూడండి. 17 కిలోవాట్ల మెషీన్ లెక్కలో చెబుతాను, మీ మెషీన్‌కి అంకె మార్చుకోండి. తేడా 5 డిగ్రీలు ఉంటే హీటర్‌లోంచి గంటకు మూడువేల లీటర్లు కూడా పోవట్లేదు, కావలసినదాంట్లో సగం. బైపాస్ ఇంకొంచెం మూయండి, పది నిమిషాలు ఆగండి. 3.5కి వస్తుంది, తర్వాత ఇంకా తగ్గుతుంది. 2 నుంచి 2.5 మధ్య ఆగితే అక్కడ వదిలేయండి. 2 కన్నా తగ్గితే కొంచెం తెరవండి. ఎక్కువ నీళ్లు పోతే ఏం నష్టమని అడుగుతారు. హీటర్ లోపలి గొట్టాలు సన్నవి. అందులోంచి నీళ్లు మరీ వేగంగా దూసుకెళ్తే లోహం అరుగుతుంది, ముఖ్యంగా రాగి గొట్టాలు. పంపుకీ అనవసర భారం.

రెండు చిక్కులు వస్తాయి. మొదటిది: బైపాస్ పూర్తిగా మూసినా తేడా 4, 5 దగ్గరే ఉండిపోవడం. అంటే మొత్తం నీళ్లే తక్కువ. మీ వెతుకులాట పంపు వైపు, ఫిల్టర్ వైపు వెళ్లాలి. రెండోది: తేడా ఒక డిగ్రీ దగ్గర ఉండటం. లెక్క ప్రకారం అది గంటకు పద్నాలుగువేల లీటర్లకు పైమాట. మీ పంపు మొత్తం 12,000 ఇచ్చేదయితే ఆ అంకె అసలు సాధ్యం కాదు. అప్పుడు ఫ్లో బాగానే ఉంది, హీటర్ వేడి ఇవ్వట్లేదని అర్థం. గ్యాస్ తక్కువగా ఉందేమో, వెనకున్న రెక్కలు దుమ్ముతో మూసుకుపోయాయేమో చూసే మెకానిక్‌ని ఇప్పుడు పిలవండి. ఫ్లో లెక్క చేతిలో పెట్టుకుని పిలిస్తే అతను మిమ్మల్ని తిప్పించలేడు.

లైన్‌లో రొటామీటర్ (గంటకు ఎన్ని నీళ్లు పోతున్నాయో చూపే మీటరు) ఉంటే ఇదంతా సగం తగ్గుతుంది. అది హీటర్ శాఖలో ఉందో, మొత్తం లైన్ మీద ఉందో చూసుకుని చదవండి. పంపు స్పీడు మార్చే డ్రైవ్ ఉన్నవాళ్లు హీటర్ నడిచే వేళల్లో ఒకే స్పీడు పెట్టుకోవాలి. రాత్రి కరెంటు మిగులుతుందని స్పీడు తగ్గిస్తే పొద్దున్నే నాకు ఫోన్ వస్తుంది.

ఫ్లో స్విచ్ పరీక్ష

నీళ్లు పారకపోతే హీటర్‌ని ఆపేది ఫ్లో స్విచ్. దీన్ని సరిచూడకుండా పని అయిపోయిందనుకోవద్దు. హీటర్ నడుస్తుండగా పంపు మాత్రం ఆపండి. కొద్ది సెకన్లలో హీటర్ ఆగిపోవాలి. ఆగకపోతే వెంటనే ఎంసీబీ దించి, ఆ స్విచ్ మార్చేదాకా హీటర్ జోలికి పోవద్దు.

ఆగిందా, రెండో పరీక్ష. పంపు, హీటర్ మళ్లీ నడిపి, బైపాస్ పూర్తిగా తెరిచి, హీటర్‌లోకి వెళ్లే వాల్వుని నెమ్మదిగా మూస్తూ రండి. బైపాస్ తెరిచి ఉంచడం ఎందుకంటే, నీళ్లకు ఏదో ఒక దారి ఉండాలి. అన్ని దారులూ మూస్తే పంపు ఉక్కిరిబిక్కిరవుతుంది. వాల్వు పూర్తిగా మూతపడకముందే ఎక్కడో ఒకచోట హీటర్ కట్ అవ్వాలి. చివరి చుక్క దాకా కట్ అవ్వలేదంటే స్విచ్ ఇరుక్కుంది. మన బోరు నీళ్లకు తెడ్డు రకం స్విచ్ (నీళ్లు తోస్తే కదిలే చిన్న రేకు ఉన్నది) ఇరుక్కోవడం మామూలే. ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా కదలకుండా ఉంటే తెడ్డు మీద సున్నం కట్టి బిగుసుకుపోతుంది. తీసి శుభ్రం చేసి, బాణం గుర్తు నీళ్లు పోయే వైపే ఉండేలా మళ్లీ బిగించండి. దాని ముందు, వెనక పైపు వ్యాసానికి ఐదింతల పొడవు తిన్నని పైపు ఉంటే మంచిది. ఎల్బో (పైపు మలుపు) పక్కనే పెడితే నీళ్ల సుడికి తెడ్డు కొట్టుకుంటూ ఉంటుంది.

కొన్ని గ్యాస్ హీటర్లలో తెడ్డుకు బదులు ప్రెజర్ స్విచ్ ఉంటుంది. పంపు గది పూల్ మట్టానికి కింద గోతిలో ఉన్నచోట ఇది ప్రమాదం. మీటరున్నర లోతులో పంపు ఆగిపోయినా నిలిచిన నీళ్ల బరువే 0.15 కేజీ ప్రెజర్ ఇస్తుంది. స్విచ్ 0.1 దగ్గర సెట్ అయి ఉంటే దాని దృష్టిలో నీళ్లు ఎప్పుడూ పారుతున్నట్టే. పంపు ఆగినప్పుడు అది కచ్చితంగా విడిపోయేలా, ఆ నిలువ ప్రెజర్ కన్నా పైన సెట్ చేయాలి. సెట్ చేశాక పంపు ఆపి మళ్లీ పరీక్షించాలి.

ఎంత తొందర ఉన్నా ఫ్లో స్విచ్ వైర్లు రెండూ కలిపి చుట్టేయకండి. ఒక గెస్ట్‌హౌస్‌లో ఎవరో అలా చుట్టిన ఎలక్ట్రిక్ హీటర్ చూశాను. రాత్రి కరెంటు పోయి వచ్చింది. హీటర్ లేచింది, పంపు లేవలేదు. పొద్దున్నకి ఎలిమెంట్ మాడిపోయి, పక్కనున్న యూపీవీసీ పైపు ఉడికిన ములక్కాడలా వంగిపోయి ఉంది. ఎవరూ పూల్‌లో లేరు కాబట్టి నష్టం డబ్బుతో పోయింది.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పని జరిగిందా?

ఇది నేను చేసిన తప్పు, అందుకే వివరంగా చెబుతున్నాను. సముద్రం ఒడ్డున ఒక రిసార్ట్. హీట్ పంపు గంటకోసారి నీళ్లు లేవని ఆగిపోతోంది. ఫిల్టర్ శుభ్రం, బుట్ట శుభ్రం, పంపు మోత మోగుతోంది, గేజ్ మీద కొంచెం ప్రెజర్ కూడా ఉంది. ఫ్లో స్విచ్ పోయిందని మార్చాను. మూడు రోజులకు మళ్లీ అదే. రెండోసారి కూడా మార్చాను. చివరికి అక్కడ రొయ్యల గుంటలు చూసుకునే కుర్రాడొకడు వచ్చి, "అన్నా, మొన్న ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పటినుంచి మా ఏరేటర్లు కూడా రివర్స్ తిరిగినాయి, మేం మార్చుకున్నాం" అన్నాడు. మోటారు వెనక ఫ్యాను చూశాను. పంపు మీద బాణం ఒకవైపు, ఫ్యాను ఇంకోవైపు.

త్రీ ఫేజ్ పంపు తిరగబడి తిరిగినా నీళ్లు కొన్ని వస్తాయి. అందుకే మనం మోసపోతాం. ఫ్లో మాత్రం బాగా పడిపోతుంది. హీట్ పంపు కూడా త్రీ ఫేజ్‌దయితే దాని లోపలి రిలే ఫేజ్ తప్పిందని మొరాయించి మనల్ని హెచ్చరించేది. అక్కడ అది సింగిల్ ఫేజ్‌ది, దానికేం తెలియదు. ఎలక్ట్రీషియన్ స్టార్టర్‌లో రెండు ఫేజ్ వైర్లు అటూఇటూ మార్చాడు, రెండు నిమిషాల పని. కాబట్టి ఫ్లో ఉన్నట్టుండి పడిపోతే ముందు పంపు ఆపి, ఫ్యాను ఆగబోయే క్షణంలో ఎటు తిరుగుతోందో చూడండి. స్విచ్‌లు కొనడం తర్వాత.

ఉప్పు, సున్నం

మైపాడు, కొత్తపట్నం వైపు తీరం వెంబడి చాలా బోర్లలో నీళ్లు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్లతో పూల్ నింపుతుంటే హీటర్ లోపలి గొట్టాలు టైటానియంవి కావాలి, రాగివి నిలవవు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచండి. బాగా తగ్గితే రాగి కరుగుతుంది, పెరిగితే గొట్టాల్లో గార కడుతుంది. గార కట్టిందో లేదో విప్పకుండా తెలుసుకునే ఉపాయం ఒకటుంది. ఫ్లో సెట్ చేసిన రోజు హీటర్ ముందు ప్రెజర్, తర్వాత ప్రెజర్ రాసుకోండి. రెండుచోట్లా ఒకే గేజ్ మార్చి మార్చి పెట్టండి, రెండు వేర్వేరు గేజ్‌లు వాడితే వాటి తప్పులే కనిపిస్తాయి. తర్వాతి ఏడాది అదే ఫ్లో దగ్గర ఆ తేడా రెట్టింపైతే లోపల దారి సన్నబడింది. అప్పుడు కంపెనీ చెప్పిన మందుతో కడిగించండి. యాసిడ్ కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు.

గ్యాస్ హీటర్ వాళ్లకి ఇంకో మాట. మంట ఆగాక లోపల వేడి మిగిలి ఉంటుంది, పంపుని మరో ఐదు పది నిమిషాలు నడవనిచ్చి ఆపండి. వాటిలో చాలావాటికి లోపలే సొంత బైపాస్ ఉంటుంది కాబట్టి బయటి వాల్వు ఎంత తెరవాలో పుస్తకం చెప్పినట్టే పెట్టండి. నా హీట్ పంపు అంకెలు వాటికి పనికిరావు.

గుర్తు పెట్టడం

అన్నీ కుదిరాక బైపాస్ హ్యాండిల్ ఎక్కడుందో వాల్వు ఒంటి మీద పెయింట్ మార్కర్‌తో గీత గీయండి. పక్కన గోడ మీద తేదీ, ఫిల్టర్ ప్రెజర్, లోపలికి ఎన్ని డిగ్రీలు, బయటికి ఎన్ని డిగ్రీలు, అప్పటి గాలి ఎన్ని డిగ్రీలు, ఇవి రాయండి. రిజిస్టర్‌లో రాస్తే వచ్చే సీజన్‌కి రిజిస్టర్ దొరకదు, గోడ ఎక్కడికీ పోదు. మార్చిలో హీటర్ ఆపేశాక కూడా నెలకోసారి పంపు నడుస్తున్నప్పుడు ఆ మూడు వాల్వులూ తిప్పి మళ్లీ గీత దగ్గరికే తెచ్చి పెట్టమని వాచ్‌మన్‌కి చెప్పండి. కంట్రోల్ బాక్స్ మూత సందులో ఎర్రచీమలు చేరాయేమో కూడా చూడమనండి. పోయిన సీజన్‌లో నేను మార్చిన రిలేల్లో రెండు వాటి పుణ్యమే.